తారలు దిగే హోటలా... తెల్లారేసరికి గేటుకు చేర్చే లాడ్జా?

ఫిలిం సిటీ చూడ్డానికి బయల్దేరేవాళ్ళు మొట్టమొదట చూసుకోవలసిందేమిటి? టిక్కెట్టు అంటారు కొందరు. ఫోన్లో చార్జింగు అంటారు మరికొందరు. రెండూ కాదండీ... మంచం! రాత్రి ఎక్కడ పడుకున్నామన్న దాన్నిబట్టే మర్నాడు పగలు ఎంత చూస్తామన్నది తేలుతుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట... మన నెల్లూరు సముద్రతీరం ఊళ్ళలో కుర్రకారు కలిసినప్పుడల్లా నన్నడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, రామోజీ ఫిలిం సిటీకి పోదామనుకుంటుండాం. యాడ దిగితే బాగుంటాదన్నా?" సినిమా పత్రికలో రాసేవాడికి హోటళ్ళ గుట్టంతా తెలుసని వాళ్ళ నమ్మకం. ఆ వెంటనే గొంతు తగ్గించి రెండో ప్రశ్న. "హీరోలు దిగే హోటల్లో మనకి గూడా గదిస్తారా?"

ఇస్తారు బాబూ, డబ్బిస్తే ఎందుకివ్వరు! అసలు సంగతి అది కాదు. అందుకే ఈ వారం ఈ నాలుగు పేజీలు.

అన్నట్టు, మన నెల్లూరులో హోటలంటే తినేది. ట్రంకు రోడ్డు మీద నిలబడి "మంచి హోటలెక్కడండీ?" అని అడిగితే చేపల పులుసు ఎక్కడ బాగుంటుందో చెబుతారు గానీ గది చూపించరు. పడుకునేది లాడ్జి. ఈ వ్యాసంలో రెండు మాటలూ వస్తాయి, కంగారు పడకండి.

మద్రాసు రోజుల్లో ఈ బాధ లేదు

మన పెద్దవాళ్ళకు ఈ ప్రశ్నే పుట్టలేదు. అప్పట్లో తెలుగు సినిమా అంతా మద్రాసులోనే కదా! నెల్లూరు నుంచి మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు. పొద్దున్నే రైలెక్కడం, కోడంబాకం, వడపళని వైపు చేరడం, వాహినీ గేటు ముందు ఎండలో నిలబడి ఏ కారు వచ్చినా లోపలికి తొంగిచూడడం, సాయంత్రం రైలుకు ఇల్లు చేరడం. కావలి కుర్రాడు రాజనాల, జగదేవిపేట రమణారెడ్డి, నెల్లూరు వాణిశ్రీ, మంగళంపాడు ఆత్రేయ... మన జిల్లావాళ్ళే అక్కడ అంతంత వెలుగు వెలుగుతుంటే, మనవాళ్ళకు మద్రాసు పరాయి ఊరెలా అవుతుంది? లాడ్జికి డబ్బు తగలేసే అవసరం లేకపోయింది. ఆ విజయా వాహినీ స్టూడియోల స్థలంలో 2013 నుంచి పెద్ద మాల్ నడుస్తోంది. గేటు దగ్గర నిలబడ్డా ఇప్పుడు కనిపించేది బట్టల కొట్లే.

సినిమా హైదరాబాదుకు తరలింది. 1996లో రామోజీరావు గారు ఫిలిం సిటీ కట్టారు. 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిలిం స్టూడియో సముదాయమని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు గానీ ఫిలిం సిటీకి వచ్చే జనం మాత్రం తగ్గలేదు. అయితే నెల్లూరు నుంచి అది దాదాపు 450 కిలోమీటర్ల దూరం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే వ్యవహారం కాదు. లాడ్జి ప్రశ్న అక్కడ పుట్టింది.

డిస్నీ దొరకు కూడా తప్పలేదు

ఇది మన ఒక్కరి తలనొప్పే అనుకోకండి. అమెరికాలో వాల్ట్ డిస్నీ 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచాడు. పార్కు కట్టేసరికే డబ్బంతా అయిపోయింది. పక్కన హోటలు కట్టడానికి చేతిలో పైకం లేదు. టెలివిజన్ కార్యక్రమాలు తీసే జాక్ రాథర్ అనే ఆయన ముందుకొచ్చి "డిస్నీలాండ్ హోటల్" కట్టుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరులో మొదటి గదులు తెరిచారు. పేరు డిస్నీది, లాభం రాథర్‌ది! చుట్టుపక్కల ఎవరికి వాళ్ళు చిన్నా పెద్దా లాడ్జీలు లేపేశారు. పార్కు చూసే జనం డిస్నీ దగ్గరికి వస్తున్నారు, రాత్రి పడుకుని డబ్బిచ్చేది మాత్రం పక్కవాడికి.

ఆ దెబ్బతో ఫ్లోరిడాలో రెండో పార్కుకు ఏకంగా 27 వేల ఎకరాల దాకా కొన్నారు. 1971 అక్టోబరు 1న పార్కుతోపాటే సొంత హోటళ్ళు కూడా తెరిచారు. అప్పటికి వాల్ట్ డిస్నీ పోయి ఐదేళ్ళు కావస్తోంది. నేటికీ ఆ హోటళ్ళలో దిగినవాళ్ళను మిగతా జనం కంటే అరగంట ముందు పార్కులోకి వదులుతారు. అరగంట! గుర్తుంచుకోండి. పార్కు పక్క హోటలువాడు అమ్మేది మెత్తటి పరుపు కాదు, టైము.

తార, సితార... రెండూ చుక్కలే

మన ఫిలిం సిటీ లోపలి హోటళ్ళ కథ వేరు. అవి మొదట మన కోసం పుట్టినవి కావు. "స్క్రిప్టుతో వచ్చి పూర్తయిన సినిమాతో వెళ్ళండి" అన్నది ఆ స్టూడియో సూత్రం. నిర్మాత యూనిట్ మొత్తాన్ని తీసుకొచ్చి నెలల తరబడి అక్కడే ఉండాలంటే హీరోకొక గది, కెమెరామన్‌కొక గది, లైట్‌బాయ్‌లకొక హాలు కావాలి కదా. స్టూడియోలో ఫ్లోరు ఎలాంటిదో హోటలూ అలాంటిదే, పనిముట్టన్నమాట. సితార పెద్ద హోటలు. తార అంతకంటే ఒక మెట్టు కింద. తక్కువలో కావాలంటే శాంతినికేతన్, గుంపుగా వచ్చేవాళ్ళకు సహారా. పేర్లు చూశారా? సితార అనగానే మీలో కొందరికి 1984లో వచ్చిన వంశీ గారి సినిమా గుర్తొచ్చి ఉంటుంది. నాకూ అంతే.

కుర్రాళ్ళ ఆశ ఏమిటంటే, సితారలో దిగితే లిఫ్టులో ఏ హీరోయినో ఎదురవుతుందని. నాయనా, షూటింగుకు వచ్చినవాళ్ళు తెల్లవారుజామున మేకప్‌కు కూర్చుంటారు. రాత్రి ప్యాకప్ అయ్యాక ముఖం కడుక్కుని పడుకుంటారు. మీతో సెల్ఫీ దిగడానికి వరండాల్లో తిరుగుతూ ఉండరు. గది తీసుకున్నంత మాత్రాన షూటింగు చూపిస్తామని ఎవరూ మాటివ్వరు కూడా. హీరో కోసం హోటలు ఎంచుకోవడమంటే వాన కోసం గొడుగు కొనడం లాంటిది. గొడుగు కొంటే వాన వస్తుందా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. చంటిపిల్లలున్నవాళ్ళు, నడవలేని పెద్దవాళ్ళను వెంటబెట్టుకున్నవాళ్ళు, రెండు రోజులు తీరిగ్గా చూద్దామనుకునే కొత్త జంటలు... చేతిలో పైకం ఉంటే వీళ్ళకు లోపలి గదే మేలు. గదీ, టిక్కెట్టూ కలిపి ప్యాకేజీగా అమ్ముతుంటారు. అందులో ఏమేం కలిశాయో ముందే అడగండి. పొద్దుటి టిఫినుందా, రాత్రి భోజనముందా, పన్ను కలిపే చెప్పారా? ఏ లాడ్జిలోనైనా సరే, రోజుకు 7,500 రూపాయల లోపు గది మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. అంతకు మించితే 18 శాతం. బిల్లులో ఇంకేదో అంకె కనిపిస్తే నోరు తెరిచి అడగండి, మొహమాటం వద్దు.

ఒక చిన్న లెక్క

ఫిలిం సిటీ ఇంచుమించు పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం ఐదున్నరకు మూస్తారు. అంటే ఎనిమిదిన్నర గంటలు. లెక్క కోసం టిక్కెట్టు వెయ్యి రూపాయలనుకుందాం. రేట్లు మారుతుంటాయి, వెళ్ళే ముందు చూసుకోండి. గంటకు దాదాపు 118 రూపాయలు పడింది. ఐదుగురు వెళ్తే గంట ఖరీదు 590. ఇప్పుడు మీరు ఊరికి అటు చివర చవకగా దొరికిందని ఆరొందలు మిగిల్చి గది తీసుకున్నారు. పొద్దున ట్రాఫిక్‌లో ఇరుక్కుని పదకొండుకు చేరారు. పోయింది రెండు గంటలు, అంటే 1,180. ఆరొందలు మిగిలాయా, మరో ఆరొందలు పోయాయా?

పైగా గేటు దగ్గర దిగగానే సినిమా మొదలు కాదు. టిక్కెట్టు చూపించి, వాళ్ళ బస్సెక్కి లోపలికి పోవాలి. ఆ తర్వాత సెట్లు తిప్పి చూపించే బస్సు, స్టంట్ షో, సినిమా ఎలా తీస్తారో చూపించే ప్రదర్శన, బాహుబలి సెట్టు, పక్షుల పార్కు... ఆలస్యంగా పోయినవాడు వీటిలో సగం వదులుకుని, మిగతా సగం పరుగెత్తుతూ చూస్తాడు.

సికింద్రాబాదులో దిగితే వెనక్కి నడక

ఇక్కడే మన నెల్లూరు వాళ్ళకొక వరముంది. చాలామంది గమనించరు. ఫిలిం సిటీ హైదరాబాదుకు ఇవతల, విజయవాడ రోడ్డు మీద ఉంది. ఊరి నడిబొడ్డుకు సుమారు 30 కిలోమీటర్ల ముందే. ఒంగోలు, అద్దంకి మీదుగా నార్కెట్‌పల్లి దగ్గర హైవే ఎక్కే బస్సులు ఫిలిం సిటీ ముందునుంచే ఊళ్ళోకి పోతాయి. మనవాళ్ళేమో కిటికీలోంచి ఆ బోర్డు చూసి, చెయ్యి ఊపి, సికింద్రాబాదు దాకా పోయి, స్టేషను పక్కన గది తీసుకుని, మర్నాడు మళ్ళీ అదే రోడ్డున వెనక్కి వస్తారు!

బస్సులో పోయేవాళ్ళు హయత్‌నగర్ దగ్గరో, వనస్థలిపురం, ఎల్.బి.నగర్ వైపో దిగి అక్కడే గది చూసుకోవాలి. రైలు వాళ్ళకు సింహపురి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. సాయంత్రం గూడూరులో బయల్దేరి నెల్లూరు, కావలి మీదుగా తెల్లారేసరికి సికింద్రాబాదులో వదులుతుంది. అక్కడ స్టేషను పక్కన గదికి ఆశపడకుండా మెట్రో పట్టుకుని, మధ్యలో బండి మారి ఎల్.బి.నగర్‌లో దిగితే ఫిలిం సిటీ వైపు సిటీ బస్సులుంటాయి. వందే భారత్‌లో పోతే మాత్రం సికింద్రాబాదు చేరేసరికి బాగా పొద్దుపోతుంది. ఆ వేళ గది వెతుక్కోవడం మంచిది కాదు, ముందే మాట్లాడుకోవాలి.

సంక్రాంతికి మాత్రం ఒక చిక్కు. పండగ ముందు హైదరాబాదు జనమంతా మనవైపు వస్తారు, పండగయ్యాక అంతా అటు పోతారు. పోయేటప్పుడు బస్సు ఖాళీగా ఉంటే వచ్చేటప్పుడు కాలు పెట్టే చోటుండదు.

మా అక్క మోకాళ్ళు, మేనల్లుడి హీరో

కిందటి చలికాలంలో మా అక్కావాళ్ళతో నేనూ వెళ్ళాను. వాళ్ళది మైపాడు దగ్గర పల్లె. అక్క, బావ, రొయ్యల గుంటల దగ్గర పనిచేసే మేనల్లుడు, డిగ్రీ చదివే మేనకోడలు, నేను. మొత్తం ఐదుగురం. డబ్బు అక్క చీటీ డబ్బు. పెళ్ళయ్యాక తిరుపతి, చెన్నై ఆస్పత్రి తప్ప మూడో ఊరు చూడని మనిషి. మళ్ళీ అంత చీటీ చేతికి రావాలంటే ఇంకెన్నేళ్ళు పడుతుందో! అందుకే గది విషయంలో ఇంట్లో పెద్ద పంచాయతీ జరిగింది.

"సితారలో ఒక్క రాత్రి ఉందాం మామా. జీవితంలో ఒక్కసారి గదా" అన్నాడు మేనల్లుడు.

"గదెందుకయ్యా? పోయేది రైల్లో పండుకుంటాం, వచ్చేది రైల్లో పండుకుంటాం. పగలు చూస్తాం. అయిపాయ" అన్నాడు బావ. ఆయన లెక్కలోనూ తప్పు లేదు. వయసులో ఉన్న నలుగురు స్నేహితులకు ఇంతకంటే చవక దారి లేదు. స్నానానికీ, సంచులు పెట్టుకోవడానికీ ఒక చోటు చూసుకుంటే చాలు.

మేనకోడలు మాత్రం వాళ్ళమ్మ కాళ్ళవైపు చూసింది. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రెండు రాత్రులు నిద్రలేకపోతే పగలు నడవలేదు. లోపల గది తీసుకుంటే ఉండే డబ్బంతా దానికే సరిపోతాది. మధ్యలో ఏమన్నా ఉంటే చూడండి మామా" అంది.

ఆ మధ్యదారి ఇదీ. పొద్దున్నే నెల్లూరులో బస్సెక్కి రాత్రి ఏడుకు హయత్‌నగర్ వైపు ఒక లాడ్జిలో దిగాం. మన ఊళ్ళలో చాలా లాడ్జీలకు 24 గంటల పద్ధతి. ఎన్నింటికి దిగితే మర్నాడు అన్నింటి వరకూ గది మనదే. పెద్ద హోటళ్ళకు అలా కాదు, మధ్యాహ్నం ఇచ్చి మర్నాడు మధ్యాహ్నంలోపు ఖాళీ చెయ్యమంటారు. ఫిలిం సిటీకి పోయేవాడికి అది పడదు. చూస్తున్న షో మధ్యలో లేచొచ్చి గది ఖాళీ చెయ్యాలి! 24 గంటల గది కాబట్టి రాత్రి హాయిగా పడుకున్నాం, తొమ్మిదికల్లా గేటు దగ్గరున్నాం, మూసేదాకా చూశాం, తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని సంచులు తీసుకుని ఎల్.బి.నగర్‌లో రాత్రి బస్సెక్కాం. గది అద్దె ఒక్కటే రోజుది. సాయంత్రం ఓ గంట అటూ ఇటూ అయితే అదనం అడగకూడదని దిగేటప్పుడే కౌంటరులో మాట తీసుకున్నాం.

ఫోనులో ఆ గది మాట్లాడింది మేనకోడలే. వినాల్సిందే ఆ సంభాషణ!

"ఫొటోలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, చూసుకోండి మేడం" అన్నాడు అవతలి మనిషి.

"ఫొటో చూసినానండీ. తలుపుకి లోపల గడియ సరిగ్గా పడతాదా అని అడుగుతుండా. బాత్రూం గదిలోనే ఉందా? లిఫ్టుందా, లేకపోతే కింది అంతస్తులో ఇస్తారా? మా అమ్మ మెట్లెక్కలేదు."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత "కింద గది ఉందమ్మా" అన్నాడు, మేడం పోయి అమ్మ వచ్చింది.

ఆడపిల్లలు నేర్చుకోవలసిన పద్ధతి ఇది. లాడ్జి ఫొటో అంటే ఫిలిం సిటీలో సెట్టు లాంటిది. ముందు గోడ ఇంద్రభవనం, వెనక్కి పోతే కర్రలు, మేకులు. గడియ, గది ముందు దీపం, రాత్రిపూట కౌంటరులో మనిషి... ఈ మూడూ ఫొటోలో కనపడవు, అడిగే తెలుసుకోవాలి.

మగపిల్లలకో ముక్క. మా ఊరి కుర్రాళ్ళు నలుగురు ఒకసారి ఫోన్లోనే డబ్బు కట్టి రాత్రి పదింటికి ఓ లాడ్జికి పోతే "బ్యాచిలర్లకు గదులివ్వం" అన్నాడట. పేరెందుకు గానీ, కట్టిన డబ్బు వెనక్కి రావడానికి రెండు వారాలు పట్టింది, ఆ రాత్రి బస్టాండులో గడిచింది. కట్టే ముందే "మేం నలుగురం మగపిల్లలం, ఇస్తారా?" అని అడగండి. అందరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి. ఒక్కరిది ఉంటే చాలదంటారు.

ఇంతకీ అక్క సంగతి? రాత్రంతా నిద్రపోయింది కాబట్టి పొద్దున మాకంటే ముందు లేచి తయారైంది. సెట్లు చూపించే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఉత్తుత్తి రైల్వే స్టేషను చూసి "నెల్లూరు స్టేషను కంటే శుభ్రంగా ఉండాదే!" అంది. బాహుబలి సెట్టు దగ్గర కాళ్ళు నొప్పెడతాయేమోనని మేం ఆగమంటే మమ్మల్నే తోసుకుని ముందుకు నడిచింది. మేనల్లుడికి హీరో కనిపించలేదు. "మూడేళ్ళు చూడు మామా, సొంత గుంట పెట్టి సితారలోనే దిగుతా" అన్నాడు. దిగనీ, సంతోషమే.

మళ్ళీ చెన్నై వైపు

ఇప్పుడు పిల్లలిద్దరూ చెన్నై పార్కుల మీద పడ్డారు. ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఇంజంబాకం దగ్గర వి.జి.పి., ఇంకా కిందికి పోతే ముట్టుకాడు దగ్గర ఎం.జి.ఎం. ఇక్కడా అదే సూత్రం. పార్కులు ఊరికి దక్షిణాన ఉన్నాయి. ఆంధ్రా బస్సులకు 2018 నుంచి ఉత్తరాన మాధవరంలో స్టాండు పెట్టారు. రైలు దింపేది సెంట్రల్‌లో. ఆ దగ్గర్లో గది తీసుకుంటే పొద్దున్నే చెన్నై మొత్తం దాటాలి. పొద్దుటి రైలుకు పోయి రాత్రికి వచ్చేసేవాళ్ళకు గదే అక్కర్లేదు. ఉండక తప్పదనుకుంటే అడయారు, తిరువాన్మియూరు వైపు చూసుకోవాలి.

ఆ రోడ్డు పొడుగునా బీచ్ రిసార్టులు కూడా ఉన్నాయి. మేనకోడలు ఫోన్లో వెతికి రేట్లు చదువుతోంది. తోటవైపు గదికి ఒక రేటు, సముద్రం కనపడే గదికి ఇంకా ఎక్కువ. అక్క చేపలు కడుగుతూ వింటోంది.

"సముద్రం కనపడితే ఎక్కువా? ఎందుకే పాపా, అది మన ఇంటెనకాలే ఉండాది గదా!"

తోటవైపు గదికే ఖాయం చేశాం.